నా కుప్పకెంత?

విద్యార్థి సంఘం మిత్రులు ఈ ఏటి సావనీరుకు ఏదైనా రాసి పంపమని కబురు పెట్టారు. కవిత్వం నాకు రాదు, కథ అల్లే ఓపిక లేదు, చేస్తున్న ఉద్యోగం గురించి రాయనా అని అడిగాను. "తప్పకుండా రాయండి, మీరేం ఉద్యోగం చేస్తారో ఇక్కడ ఎవరికీ తెలియదు" అన్నారు. నిజమే, మా ఇంట్లోనే తెలియదు. మా నాయనమ్మకు ఒకసారి విడమరచి చెప్పి చూశాను. ఫోన్లలో వాడే యాప్‌లు తయారు చేసేవాళ్ళు ఒక పక్క ఉంటారు, వాటిని వాడే జనం ఇంకో పక్క ఉంటారు, నేను జనం దగ్గరికి పోయి వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో చూసి వచ్చి తయారు చేసేవాళ్ళకు చెప్తాను అని. ఆమె అంతా విని, "అంటే నువ్వు నడిమి మనిషివి. కమీషన్ ఎంత పడ్తది?" అన్నది. వేరుశనగ పండించే ఇంట్లో బతుకంతా గడిపిన మనిషికి నడిమి మనిషి అంటే ఒకటే అర్థం మరి.

ఈ పనికి ఇంగ్లీషులో యూజర్ ఎక్స్‌పీరియన్స్ రీసెర్చ్ అని పెద్ద పేరు. తెలుగులో ఇంకా పేరు కుదురుకోలేదు. పేరు కొత్తదే గాని పని కొత్తదేమీ కాదు. నాగలి చెక్కే వడ్లాయన తన ఊరి రైతు చేయి చూసి మేడి పెట్టేవాడు. అది చేతికి ఒరుసుకుంటే మర్నాడు పొద్దున్నే ఆ నాగలి మళ్ళీ వడ్లాయన వాకిట్లో ఉండేది, తిట్లతో సహా. ఇప్పుడు చేసేవాడు హైదరాబాదులో ఏసీ గదిలో ఉన్నాడు, వాడేవాడు గద్వాల మార్కెట్ యార్డులో ఎండకు నిలబడి ఉన్నాడు. ఆ మర్నాటి తిట్లు వచ్చే దారి మూసుకుపోయింది. దాన్ని మళ్ళీ తెరిచినందుకే నాకు జీతం.

అయితే ఇందులో ఒక చిక్కుంది. డబ్బు ఇచ్చేది ఒకరు, వస్తువు వాడేది ఇంకొకరు. డబ్బు ఇచ్చే మనిషికి నా పని మీద మొదటిరోజు నుంచే అనుమానం. "అడిగేదేముంది, తయారు చేయండి" అంటారు. ఈ అనుమానపు మనిషిని ఒప్పించడం అసలు పనికంటే కష్టం. చాలామంది దీన్ని వాదించి గెలవాలని చూస్తారు, రంగుల బొమ్మలతో రిపోర్టులు పట్టుకుపోతారు. రిపోర్టు చూసి మనసు మార్చుకున్న యజమానిని నేను ఇంతవరకు చూడలేదు. 2025 యాసంగిలో మన మూడు జిల్లాల్లో జరిగిన ఒక పని గురించి చెప్తే ఈ సంగతి తేటపడుతుంది. ఎవరి కోసం చేశామో ఆ పేరు అనవసరం.

2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు జిల్లాలైనా, యాసంగిలో మూడింటినీ కలిపేది వేరుశనగే. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి నీళ్ళున్న చోటా, బోరు మీద ఆధారపడిన చోటా శీతాకాలమంతా ఈ పంటే కనబడుతుంది. జనవరి నుంచి మార్చి దాకా యార్డుల్లో కాలు పెట్టే జాగా ఉండదు. యార్డు చూడని పట్నం విద్యార్థుల కోసం రెండు ముక్కలు చెప్తాను. రైతు ట్రాక్టర్ మీదనో ఆటోలోనో కాయ తెచ్చి కుప్ప పోస్తాడు. కుప్పకు ఒక లాట్ నంబరు పడుతుంది. వ్యాపారులు వచ్చి పిడికెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించి, నలిపి, గింజ నోట్లో వేసుకొని, తేమ ఎంత, నూనె ఎంత అని మనసులో లెక్క కట్టి రేటు వేస్తారు. రేట్లు బయటపడే దాకా రైతు కుప్ప విడిచి టీ తాగడానికి కూడా పోడు. రేటు నచ్చితే కాంటా, నచ్చకపోతే రాత్రంతా అక్కడే కాపలా. కాంటా అయినాక దడ్వాయి రాసిన తూకం అడ్తి దుకాణానికి పోతుంది, అక్కడ గుమస్తా తక్‌పట్టీ రాసిస్తాడు. తూకం, రేటు, హమాలీ, దడ్వాయి వగైరా ఖర్చులు, చివరకు చేతికి వచ్చే మొత్తం, అన్నీ ఆ చిట్టి కాగితంలోనే. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటారు, ఆడవాళ్ళయితే కొంగున ముడేసుకుంటారు.

మా క్లయింటు నూనె మిల్లు, అడ్తి దుకాణాలు ఉన్న కుటుంబం పెద్ద. అందరూ సేటు అంటారు, నేనూ అదే రాస్తాను. గద్వాల వైపు రైతులు రాయచూరుకో కర్నూలుకో కాయ పట్టుకుపోతున్నారని ఆయన బాధ. ఫోనులో ఇక్కడి రేటు ఇంట్లోంచే కనబడితే ఇక్కడికే వస్తారు, తక్‌పట్టీ కూడా ఫోనుకే పంపితే నమ్మకం పెరుగుతుంది అని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. మా సంస్థలో బొమ్మలు గీసేవాళ్ళు గీసిచ్చారు, ఆయనకు నచ్చింది, వెంటనే కట్టేయమన్నాడు. నేను మధ్యలో లేచి, కట్టేముందు అయిదుగురు రైతులకు చూపిస్తాను అన్నాను.

"ఏమ్మా, నలభై ఏండ్ల సంది రైతుల నడుమనే ఉన్న. వాళ్లకేం కావాల్నో నాకు తెల్వదా?" అన్నాడు. కోపం లేదు, జాలి ఉంది ఆ గొంతులో. మళ్ళీ తనే, "అయినా అయిదుగురితోని ఏం తెలుస్తది? ఓట్ల సర్వే చేసెటోళ్లు గూడ వేల మందిని అడుగుతరు" అన్నాడు.

ఈ ప్రశ్న ప్రతి క్లయింటూ వేస్తాడు, కాబట్టి జవాబు నాకు కంఠతా వచ్చు. ఓట్ల సర్వే ఎంతమంది ఎటు ఉన్నారో లెక్కపెడుతుంది, మేము లెక్కపెట్టడం లేదు, గుంతలు వెతుకుతున్నాం. దారిలో గుంత ఉందని తెలియడానికి వెయ్యి బండ్లు అందులో పడనక్కర లేదు. జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ అనే ఇద్దరు 1993లో దీనికి లెక్క కట్టారు. సగటున ఒక మనిషిని పరీక్షిస్తే మొత్తం లోపాల్లో దాదాపు 31 శాతం బయటపడుతున్నాయి, అయిదుగురిని పరీక్షిస్తే సుమారు 85 శాతం. అసలు కిటుకు అంకెలో లేదు, తర్వాతి అడుగులో ఉంది. దొరికినవి దిద్ది, మళ్ళీ కొత్తగా అయిదుగురి ముందు పెట్టాలి. ఆ మాట ఇంకా ముందే ఐబీఎంలో పనిచేసిన జాన్ గూల్డ్, క్లేటన్ లూయిస్ 1985లో చెప్పారు. మొదటినుంచీ వాడేవాళ్ళ మీద చూపు పెట్టండి, కళ్ళారా చూసి కొలవండి, దిద్ది మళ్ళీ చూడండి అని. వినడానికి ఇది అందరికీ తెలిసిందే అనిపిస్తుంది. రూపకర్తలను వాళ్ళ పని దశలు రాసివ్వమంటే చాలామంది ఈ మూడూ రాయనే లేదట.

సేటుకు ఇదంతా చెప్పలేదు. రెండు రోజులు, నాలుగు కాగితాలు, అయిదుగురు మనుషులు, పనికిరాదనిపిస్తే ఈ రెండు రోజుల బిల్లు వేయము అన్నాను. వ్యాపారస్తుడికి ఆ భాష అర్థమైంది.

మొదటి విడత గద్వాల యార్డులో, వేపచెట్టు కింద. ఫోను కూడా లేదు, ఫోను తెరంత కాగితాల మీద గీసిన బొమ్మలు. పైన పచ్చరంగులో పెద్ద అక్షరాలతో వేరుశనగ గరిష్ట ధర, దాని కింద కనిష్ట ధర, ఆ కింద మోడల్ ధర. మొదటి రైతు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మోడల్ అంటే ఏ మోడలు? ట్రాక్టర్‌కుంటది మోడలు, బుడ్డలకేంది?" అన్నాడు. ఎక్కువ కుప్పలకు పడిన ధరను మార్కెట్ లెక్కల్లో అలా అంటారు. దేశమంతా ఉపయోగపడాలని 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్‌లోనూ ఆ మాటే. చదివినవాళ్ళకు కూడా అది పరాయి మాటే. ఇంకొక సంగతి, ఆయన బుడ్డలు అన్నాడు గదా. తుంగభద్ర దాటితే కర్నూలు, అక్కడా అదే మాట. నాగర్‌కర్నూల్‌లో పల్లికాయ అంటారు. వేరుశనగ అనేది ప్రభుత్వ కాగితాల్లో, పాఠ్యపుస్తకాల్లో ఉండే పంట.

అసలు గుంత పై వరుసలో ఉంది. అయిదుగురిలో నలుగురి చూపు ఆ పచ్చ అంకె మీదనే ఆగిపోయింది. దాన్ని తమ బస్తాలతో గుణించి చూసుకున్నారు, ముఖాలు విప్పారాయి. గరిష్ట ధర అంటే ఆ రోజు యార్డులో ఏదో ఒక్క మేలైన కుప్పకు పడిన ధర. దాన్ని చూసుకొని పొద్దున్నే బయలుదేరి వచ్చిన రైతుకు సాయంత్రం వెయ్యి రూపాయలు తక్కువ పడితే ఎవరిని తిడతాడు? ఫోనును మాత్రం కాదు. నమ్మకం పెంచడానికి వేసిన అంకె జగడానికి నాంది అవుతుంది.

ఈ సంగతి సేటుకు చెప్పాను. విన్నాడు. "చదువు రానోళ్లను పట్టుకున్నవు, అందుకే" అన్నాడు.

సరే అని రెండో విడత వనపర్తిలో పెట్టాం. ఈసారి ఇంటర్మీడియట్, డిగ్రీ చదివి వ్యవసాయం చేస్తున్న వాళ్ళనే ఎంచుకున్నాం. అందులో ఒకాయన మన కళాశాల పూర్వ విద్యార్థే అని మాటల్లో తెలిసి, పాత లెక్చరర్ల ముచ్చట్లతో పావుగంట పోయింది. ఈలోగా బొమ్మలు మారాయి. మోడల్ ధర పోయి "ఎక్కువ మందికి పడిన రేటు" వచ్చి పైకి ఎక్కింది, గరిష్ట ధర చిన్నదై కిందికి పోయింది, పంట పేరు పక్కన కాయ బొమ్మ చేరింది. కాగితాల బదులు ఈసారి ఫోనులోనే చూపించాం. చూపించగానే కొత్త గుంత. ఫిబ్రవరి ఎండలో ఆ తెర మీద ఏమీ కనబడలేదు. ఆఫీసు ట్యూబ్‌లైటు కింద చక్కగా ఉన్న లేత పచ్చ అక్షరాలు ఇక్కడ మాయమయ్యాయి. డిగ్రీ చదివిన రైతు కూడా తువ్వాల నెత్తి మీద కప్పుకొని, ఆ చీకట్లో ఫోను పెట్టుకొని చూశాడు. ఇంకొక విశేషం ఏమిటంటే, ఆ అయిదుగురిలో ముగ్గురు రేటు చూసిన వెంటనే మా యాప్ మూసేసి ఫోనులోనే ఉన్న క్యాలిక్యులేటర్ తెరిచారు. ఒకాయన అరచేతి మీదనే పెన్నుతో లెక్క వేశాడు. రేటు గుణించు క్వింటాళ్ళు, అందులోంచి హమాలీ తీసెయ్, ఖర్చులు తీసెయ్, తరుగు తీసెయ్. వాళ్ళు వెతుకుతున్నది రేటు కాదు, చేతికి వచ్చే మొత్తం.

ఫోటోలు చూపిస్తే సేటు ఆసక్తిగానే చూశాడు. "బాగనే ఉంది గాని, మీరు అడిగే తీరుల అడిగితే వాళ్లు అట్లనే చెప్తరమ్మా" అన్నాడు. ఇది మాత్రం తీసిపారేసే అనుమానం కాదు. అడిగే మనిషిని బట్టి జవాబు మారడం నిజం. దీనికి విరుగుడు ఎక్కువమందిని అడగటం కాదు, ఎక్కువ కాలం దగ్గరుండి చూడటం, ఇంకా మేలైనది అనుమానం ఉన్న మనిషే వచ్చి చూడటం.

ఈ దగ్గరుండి చూడటం అనేది మన పాత పాలమూరు జిల్లాకు కొత్త కాదు. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిసాట్, 1975 నుంచి పల్లెల అధ్యయనం మొదలుపెట్టింది. ఎంచుకున్న ఆరు ఊళ్ళలో రెండు మనవే, దేవరకద్ర దగ్గరి దోకూరు, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోకి పోయిన ఔరేపల్లె. పరిశోధకులు ఊళ్ళోనే కాపురముండి, కొన్ని వారాలకొకసారి అవే ఇళ్ళకు పోయి ఏం పండింది, ఏం అమ్మారు, ఎంత అప్పు చేశారు అని ఏళ్ళ తరబడి రాసుకున్నారు. మెట్ట రైతు జీవితం గురించి ప్రపంచంలో అర్థశాస్త్రం చదివేవాళ్ళు ఈనాటికీ ఆ లెక్కలు తిరగేస్తారు. దోకూరు బస్సు ఎక్కే మన విద్యార్థుల్లో ఎందరికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

అదే సంస్థ ప్రోత్సహించిన ట్రాపికల్చర్ అనే చక్రాల యంత్రం కథ ఇంకోలా నడిచింది. ఎడ్లు లాగే చట్రానికి నాగలి, గొర్రు, గుంటక, బండి తొట్టె ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు. పరిశోధన క్షేత్రంలో బాగా పనిచేసింది. పాల్ స్టార్కీ అనే ఆయన ఇటువంటి యంత్రాల మీద 1988లో ఒక పుస్తకం రాసి, మెరుగులన్నీ దిద్దినా రైతు వద్దన్నవి అనే అర్థంలో పేరు పెట్టాడు. 1955 నుంచి ప్రపంచంలో 45కి పైగా నమూనాల్లో దాదాపు 10,000 యంత్రాలు తయారైతే, రైతులు వాటిని అన్ని పనులకూ ఏళ్ళ తరబడి వాడింది లెక్కలోకి రానంత తక్కువ అని తేల్చాడు. చాలావాటిని మూలన పడేశారు, లేకపోతే ఉత్త బండిగా తోలుకున్నారు. రైతుకు కావలసింది బండి అని అంత ఖర్చయినాక తెలిసింది.

దానికి పక్కనే చింతకింది మల్లేశం గారి సంగతి పెట్టి చూడండి. ఆలేరు దగ్గర శారాజిపేట ఆయన ఊరు. పోచంపల్లి పద్ధతి చీరకు నేతకు ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని గూటాల చుట్టూ చేత్తో వేల సార్లు తిప్పాలి, ఒక చీరకు నాలుగైదు గంటలు. (మన గద్వాల చీరకు ఈ ఆసు లేదు. నూలు ఒంటికి పట్టు అంచు, కొంగు కలపడంలో దాని కష్టం వేరే.) తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి, చేతిలో డబ్బు అయిపోతే హైదరాబాదు పోయి ఎలక్ట్రీషియన్ పని చేసుకుంటూ, 1999కి యంత్రం పూర్తి చేశాడు. ఏడేళ్ళు. ఒక్కొక్క కదలికను విడిగా సాధించుకుంటూ పోయాడు. ఊళ్ళో ఎగతాళి చేసినవాళ్ళను ఆయన మాటలతో ఒప్పించలేదు, ఆ యంత్రం గంటన్నరలో ఆసు పోస్తుంటే వాళ్ళే చూశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది, అవి అందరికీ తెలుసు. నన్ను పట్టుకున్నది వేరే విషయం. ఆయనకు పరీక్షించి చూపే మనిషి ఇంట్లోనే ఉంది, ఏ రోజు ఏది కుదరలేదో ఆ రోజే ఆ భుజం చెప్పేది.

మళ్ళీ మా సంగతికి వస్తాను. మూడో విడతకు నాగర్‌కర్నూల్ రమ్మని సేటునే పిలిచాను. ఒకటే షరతు పెట్టాను, వెనక బస్తా మీద కూచోవాలి, ఏమీ మాట్లాడకూడదు, రైతు ఎక్కడ ఆగిపోయినా సాయం చేయకూడదు. "గదేం కష్టం" అన్నాడు. నలభై ఏళ్ళుగా యార్డులో మాటే పెట్టుబడిగా బతికిన మనిషికి అది ఎంత కష్టమో పది నిమిషాల్లో తెలిసింది.

ఆ రోజు మూడో మనిషి ఒక అవ్వ. కౌలు భూమిలో పండించిన కాయ. అక్షరాలు రావు, అంకెలు బాగా వచ్చు. ఫోను చేతికిస్తే కళ్ళకు దూరంగా పట్టుకొని అంకెలు ఒక్కొక్కటీ చదివింది. ఆ సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు, అది కూడా ఆమెకు నోటికి వచ్చు. చదివి, "ఇది అందరి రేటా, నా కుప్పదా?" అని అడిగింది. అందరిది అవ్వా అన్నాను. "మరి నా కుప్పకెంత?" అని ఆ కాయ బొమ్మ మీద వేలితో నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. వెనక సేటు "అగో, కిందికి..." అని లేవబోయాడు, నేను చూశాను, కూచున్నాడు. అవ్వ ఇంకో రెండుసార్లు నొక్కి ఫోను నా ఒళ్ళో పెట్టింది. కొంగు ముడి విప్పి నాలుగు మడతలు పడ్డ పాత తక్‌పట్టీ తీసింది. కార్బన్ రాత చెరిగిపోయి ఉంది. "ఇది సదువు బిడ్డా. పోయినేడు సంది అందర్నీ అడుగుతున్న, ఇండ్ల ఏం రాసిన్రో ఎవరూ సక్కగ చెప్తలేరు" అన్నది.

చదివాను. ఒక్కొక్క గడి చెప్తుంటే ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. ఆ మొత్తంలోంచి ముందు కౌలు పోవాలి, తర్వాత పొదుపు సంఘం కిస్తు, తర్వాత విత్తనం అప్పు. ఈ రోజు రేటుకు అమ్మితే ఈ మూడూ తీరుతాయా, లేక ఇంకో రాత్రి కుప్ప దగ్గర పడుకోవాలా అన్నది ఆమె ముందున్న ప్రశ్న. దానికి జవాబు కావాలంటే యార్డు గరిష్ట ధరతో పనిలేదు.

అయిదుగురూ అయిపోయినాక టీ తాగేదాకా సేటు నోరు విప్పలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "ఆ అవ్వ అడిగిన మాట నలభై ఏండ్లుగ వింటనే ఉన్న. నా దుకాణంల అడిగితే జగడానికి వచ్చిన్రు అనుకుంటుంటి."

ఇక్కడితో ఆయన ఒప్పుకున్నాడు, కథ సుఖాంతం అని రాయాలని నాకూ ఉంది. అట్లా జరగలేదు. చేతికొచ్చే మొత్తం చూపించాలంటే, ఏమేం కోశారో అన్నీ చూపించాలి. తేమ పేరుతో, మట్టి పేరుతో తూకంలో తీసే తరుగు కూడా కనబడుతుంది. "తోటి అడ్తి వాళ్లు నా మీద పడ్తరు" అన్నాడు. మొదటి రోజు నుంచి ఆయన చెప్పిన అనుమానాలు, అయిదుగురితో ఏం తెలుస్తుంది, చదువు రానివాళ్ళు, మీరు అడిగే తీరు, వీటన్నిటి వెనక ఉన్న భయం అప్పుడు బయటికి వచ్చింది. క్లయింటును ఒప్పించాలంటే ముందు ఆయన్ను కూడా ఒక వాడుకదారుగా చూడాలని నా అభిప్రాయం. అందుకే రైతుల ముందు పరిచినట్టే ఆయన ముందూ కాగితాలు పరిచాను. తక్‌పట్టీలోని ఒక్కో గడికి ఒక్కో కాగితం. చూపించగలిగినవి ఇటు, చూపించలేనివి అటు పెట్టమన్నాను. లాట్ నంబరు, సొంత కుప్ప రేటు, తూకం, హమాలీ, దడ్వాయి, చేతికి వచ్చేది ఇటు వచ్చాయి. తరుగు కాగితం చాలాసేపు చేతిలో పట్టుకొని అటు పెట్టాడు.

ఒక యార్డు, రెండు దుకాణాలు, ఒక నెల అని మాట కుదిరింది. కొలత కూడా సులువైనదే ఎంచుకున్నాం. అమ్మకం అయిపోయినాక లెక్క అడగడానికి రైతు మళ్ళీ దుకాణానికి వచ్చినప్పుడల్లా గుమస్తా గోడకున్న క్యాలెండరు మీద ఒక గీత గీయాలి. మొదటి వారం క్యాలెండరు గీతలతో నిండిపోయింది. రెండో వారంలో అక్షరాలు రాని వాళ్ళ కోసం ఒక మీట పెట్టాం, నొక్కితే లెక్క గొంతుతో చదువుతుంది. ఇందులోనూ మాకు పెద్దలున్నారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రీడాకారులు ఫోనులో గొంతుతో సందేశాలు పంపుకునే ఏర్పాటును ఆ గూల్డ్ బృందమే చేసింది, అదీ కాగితం మీద రాసిన సంభాషణలతో మొదలుపెట్టి జనానికి చూపించి దిద్దుకుంటూనే. మాకు గొంతు ఎవరిదని ప్రశ్న వచ్చింది. హైదరాబాదులో చదివించిన శుద్ధమైన గొంతు విని రైతులు అది బ్యాంకు వాళ్ళ ఫోన్ అనుకొని పెట్టేశారు. చివరకు ఆ దుకాణం గుమస్తా చేతనే చదివించాం. అంతవరకు ఈ యాప్ వస్తే తన ఉద్యోగం పోతుందని మా ముఖం చూడని మనిషి, మూడు రోజులు ఇంట్లో అభ్యాసం చేసి వచ్చాడు. "అగో, గుమస్తా ఫోన్ల మాట్లాడ్తున్నడు" అని రైతులు నవ్వుకుంటూ చివరిదాకా విన్నారు. నెలాఖరుకు క్యాలెండరు మీద గీతలు బాగా పలచబడ్డాయి. మిగిలిన గీతల్లో చాలావాటికి కారణం ఒకటేనని, తరుగు ఎంత తీశారు అని అడగడానికే వస్తున్నారని గుమస్తానే సేటుకు చెప్పాడు. నేను చెప్పవలసిన పని లేకపోయింది.

తరుగు కాగితం ఇంకా అటు పక్కనే ఉంది. వచ్చే యాసంగికి అచ్చంపేటలో నాలుగో విడత అనుకుంటున్నాం. మొన్న సేటే ఫోన్ చేసి తేదీ అడిగాడు. తనతోపాటు ఇంకో అడ్తి దుకాణం ఆయన్ను తీసుకొస్తానన్నాడు. ఆయనకు ఇవేవీ నమ్మకం లేవట, రైతులకు ఏం కావాలో తనకు తెలుసంటాడట. వెనక బస్తా మీద మాట్లాడకుండా కూచుంటారా మరి అని అడిగాను.

"గది నేను చూసుకుంట తియ్యి" అన్నాడు సేటు.